జాకెట్టు ముక్క ఎటు పెట్టి కోయాలి? క్రాస్, నాలుగు డాట్లు, కటోరీల చిక్కు విప్పితే

శ్రావణ శుక్రవారానికి వారం ముందు దేవరకొండ నుంచి మా వదిన ఫోన్ చేసింది. "వదినా, నారాయణపేట చీరె ముక్క ముంగట వెట్టుకొని గంట నుంచి కూసున్న. ఒకామె క్రాస్ కొయ్యమంటది. ఇంకొకామె క్రాస్ కోస్తే నాలుగు ఉతుకులకు గుంజుకపోతదంటది. మూడో ఆమె కటోరీ తప్ప ఫిట్టింగే రాదంటది. ఎవల మాట ఇనాలె?"

ఆ ముగ్గురూ ఆమె ఫోన్లోని వీడియోలవాళ్లు. క్రాస్ అంటే బట్టను వాలుగా పెట్టి కోయడం, కటోరీ అంటే ఛాతీ దగ్గరి గిన్నె భాగాన్ని విడిగా కోసి అతకడం. శ్రావణం నుంచి బతుకమ్మ, దసరా దాకా నల్లగొండలోనైనా పాలమూరులోనైనా టైలరు దగ్గర జాకెట్టు ఇచ్చి రావడమంటే చీటీ తీసుకుని వరసలో నిలబడటమే. అందుకే ఇంట్లో మిషన్ ఉన్న ఆడవాళ్లు వీడియో చూసి కత్తెర పట్టుకుంటున్నారు. పట్టుకున్నాక ఇదిగో, ఇలా ఆగిపోతున్నారు.

నిజానికి ఆ ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఎవరి చేతిలో ఉన్న బట్టకు వాళ్లు చెప్పారు. ఆ బట్ట ఏదో, దాన్ని ఎటు తిప్పి పరిచారో, కింద లైనింగ్ ఉందో లేదో మాత్రం చెప్పలేదు. ఫిట్టింగు కొలతలతో వస్తుందనుకుంటాం. కొలత అందులో సగమే, మిగతా సగం బట్ట పోగుల చేతిలో ఉంటుంది.

బట్టకు మూడు దారులు

మగ్గం మీద ముందుగా బిగించి కట్టే నిలువు పోగులు పడుగు. నాడె అటూ ఇటూ తిరుగుతూ వేసే అడ్డం పోగులు పేక. బట్ట అంచు ఎటు పోతుంటే పడుగు అటు. నేసినంతసేపూ బిగువు మీదే ఉన్న పోగులు కనుక పడుగు దాదాపు సాగదు. పేక కొద్దిగా సాగుతుంది. ఈ రెంటికీ మధ్యన, 45 డిగ్రీల వాలులో పోయేదాన్నే మనం క్రాస్ అంటాం. అటు లాగితే మాత్రం బట్ట రబ్బరు లాగా వస్తుంది.

నమ్మకం లేకపోతే ఒక నూలు చేతిరుమాలు తీసుకోండి. అంచు పొడుగునా లాగితే గట్టిగా నిలబడుతుంది. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగితే సాగుతుంది, సాగుతూనే నడుమ సన్నబడుతుంది. ఆ సన్నబడటాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎందుకలా? కీళ్లు వదులైన మంచాన్ని పక్కనుంచి తోసి చూడండి. చట్రం ఒరిగిపోయి ఒక మూల నుంచి ఎదురు మూలకు దూరం పెరుగుతుంది, మిగతా రెండు మూలలు దగ్గరవుతాయి. పట్టెలు ఇంచు కూడా సాగలేదు. ఒరిగాయంతే. బట్టలో పడుగూ పేకా కలిసి చేసే చిన్న చిన్న గళ్లన్నీ ఇలాంటి మంచాలే. క్రాస్‌లో లాగినప్పుడు పోగు సాగదు, గడి ఒరుగుతుంది.

మెడకు పైపింగ్ వేసిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చేతికి తెలుసు, పేరు తెలియకపోవచ్చు. పైపింగ్ పట్టీని నిలువుగా కోస్తే గుండ్రటి మెడ దగ్గర ముడతలు పడి మొండికేస్తుంది. క్రాస్‌గా కోస్తే వంపు తిరిగి కూర్చుంటుంది. క్రాస్ కట్ జాకెట్టు అంటే ఆ పైపింగ్ గుణాన్ని ముందు భాగం మొత్తానికీ వాడుకోవడమే.

దొన్నె చెప్పే లెక్క

మోదుగాకు చదునుగా ఉంటుంది. దొన్నె కావాలంటే దాన్ని ఒక మూల మడిచి పుల్ల గుచ్చాలి. మడత పడ్డ చోట ఆకు తగ్గింది, తగ్గిన మేరకు మధ్యలో గుంట ఏర్పడింది. డాట్, అంటే బట్టను కోణంగా మడిచి వేసే కుట్టు, చేసేది కూడా అచ్చం ఇదే పని. మనిషి ఒళ్లు చదునుగా ఉండదు, బట్ట చదునుగా ఉంటుంది. ఎక్కడో మడవాలి, లేదా ఎక్కడో కోసి కలపాలి, లేదా సాగదీయాలి. నాలుగో దారి లేదు.

అంకెల్లో చూద్దాం. ఛాతీ చుట్టు 36 ఇంచులు, జాకెట్టు కింది అంచు వచ్చే చోట చుట్టు 30. ఊపిరి ఆడటానికి పైన 2 ఇంచులు, కింద 1 ఇంచు వదులు కలిపితే కుట్టి పూర్తయిన జాకెట్టు పైన 38, కింద 31 ఉండాలి. తేడా 7 ఇంచులు. ఇది ఎక్కడో మాయం కావాలి. వెనక రెండు డాట్లలో ఒక్కో ఇంచు చొప్పున 2 పోయాయి. పక్క కుట్ల దగ్గర నాలుగు అంచుల్నీ కిందికి వచ్చేకొద్దీ అర ఇంచు లోపలికి వాలిస్తే ఇంకో 2 పోయాయి. మిగిలిన 3 ఇంచులు ముందు రెండు ముక్కల మీద పడతాయి, ఒక్కో దానికి ఒకటిన్నర.

ఆ ఒకటిన్నరనూ ఒకే డాట్‌లో మడిచి, ఛాతీ దగ్గరి గుండ్రతనం కూడా దానిమీదే వేస్తే కొన మొనదేలి నిలబడుతుంది. అందుకని పనిని పంచుతారు. నడుము నుంచి ఒకటి, హుక్కుల పట్టి వైపు నుంచి ఒకటి, చంక నుంచి ఒకటి, పక్క కుట్టు నుంచి ఒకటి. నాలుగూ ఒకే పాయింటు వైపు నడుస్తాయి కానీ దాన్ని తాకవు, ఇంచు ముందే ఆగిపోతాయి. చివరిదాకా లాగి కుట్టినవాళ్ల జాకెట్లే అక్కడ ముక్కులు తేలి కనిపిస్తాయి.

కటోరీ, ప్రిన్సెస్ కట్ వేరే జాతులేం కావు. డాట్లే మారువేషం వేశాయి. చంక డాట్‌నూ నడుము డాట్‌నూ కలిపి ఒకే పొడుగు కుట్టు చేస్తే ప్రిన్సెస్. గిన్నె భాగాన్ని విడిగా కోసి, చుట్టూ పక్క ముక్కనూ కింద పట్టీనీ అతికితే కటోరీ. మడత లోపల దాగే బట్టను ఇక్కడ ముందే కోసి పారేస్తాం. ఛాతీకి, కింది చుట్టుకూ తేడా ఎక్కువున్నవాళ్లకు కటోరీ బాగా కూర్చుంటుందనడంలో నిజముంది, ఎందుకంటే పెద్ద మడత కన్నా కోసి కలిపిన కుట్టు సాఫీగా తిరుగుతుంది. తేడా తక్కువున్నవాళ్లకు అదే కటోరీ అనవసరపు చాకిరీ.

క్రాస్ ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది

క్రాస్‌లో ముందు భాగాన్ని మాత్రమే వాలుగా పెట్టి కోస్తారు. వీపు మామూలుగా నిలువే. డాట్లు చేయాల్సిన పనిలో కొంత బట్టే చేసిపెడుతుంది, ఒంటి వంపును బట్టి గళ్లు ఒరుగుతాయి. డాట్లు చిన్నవైనా చాలు. వేసుకుంటే మెత్తగా పట్టినట్టుంటుంది. క్రాస్ తప్ప ఒప్పుకోని పాత టైలర్లు ఉన్నారంటే అది పంతం కాదు. వాళ్ల చేయి తిరిగింది టూ బై టూ రూబియా అనే సాదా జాకెట్టు బట్ట మీద, అదీ లైనింగ్ లేకుండా. ఆ బట్టకు అంతకన్నా మంచి కోత లేదు.

ఇక అది తీసుకునేది. మొదటిది బట్ట. ముందు భాగం ఒక ముక్క సుమారు 11 ఇంచుల వెడల్పు, 15 ఇంచుల పొడవు అనుకుందాం. నిలువుగా పరిస్తే అంతే చోటు చాలు. 45 డిగ్రీలు తిప్పితే అదే ముక్కకు అటూ ఇటూ 18.4 ఇంచుల చోటు కావాలి. చీరతో వచ్చే ముక్క తరచుగా 80 సెంటీమీటర్లే, అంటే 31.5 ఇంచులు. మిగిలే మూలల్లోంచి హుక్కుల పట్టీలు, మెడ పట్టీలు తీసుకోవచ్చు నిజమే. కానీ ఛాతీ 40 దాటి, చేతులు మోచేతి దాకా కావాలంటే 80 సెంటీమీటర్లలో క్రాస్ తీయడం కత్తిమీద సామే.

రెండోది బరువు. క్రాస్ బట్ట సాగుతుందంటే దాని బరువుకు అది కూడా సాగుతుంది. అందుకే క్రాస్ జాకెట్టు కింద నిలువు పోగుల పట్టీ వేస్తారు. అది సోకు కోసం కాదు, సాగే బట్టకు కట్టిన కట్ట. మెడ దగ్గర అలాంటి కట్ట లేదు కాబట్టే కోసిన వెంటనే అంచు వెంట ఒక కుట్టు వేసి పెట్టుకుంటారు. ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ రుద్దినా మెడ వెడల్పవుతుంది, ఎత్తి ఒత్తాలి. "నాలుగు ఉతుకులకు గుంజుకపోతది" అన్న రెండో ఆమె చూసింది బహుశా పట్టీ సరిగ్గా పడని క్రాస్ జాకెట్టునే. ఇంతకుముందు చేతిరుమాలు నడుమ సన్నబడింది గుర్తుందా? క్రాస్ ముందు భాగం కూడా ఒకవైపు సాగితే ఇంకోవైపు తగ్గుతుంది. "పొడుగు పెరిగింది, పక్కలు బిగుసుకున్నాయి" అనే ఫిర్యాదు అక్కణ్నుంచి వచ్చిందే.

మూడోది చాలామందికి తట్టనిది. లైనింగ్. పైబట్ట క్రాస్‌గా కోసి లైనింగ్ నిలువుగా కోస్తే, రెండూ కలిపి కుట్టాక సాగని లైనింగే పెత్తనం చేస్తుంది. పైది సాగలేదు. క్రాస్ కోసం బట్టంతా వృథా చేసి, చివరికి మనం తొడుక్కున్నది నిలువు జాకెట్టే, అదీ సరిపడా డాట్లు లేకుండా. "క్రాస్ కోసినా పట్టలేదు" అన్న మాట విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది లైనింగ్ ఎటు కోశారనే. లైనింగ్ కూడా క్రాస్‌గా కోసినవాళ్లకు ఆ బాధ ఉండదు, కానీ లైనింగ్ బట్ట కూడా ఎక్కువ తీసుకోవాల్సి వస్తుంది.

లైనింగ్ గురించి ఇంకో ముక్క. నూలు లైనింగ్‌ను తడిపి ఆరేశాకే కోయాలని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మగ్గం మీదా మిల్లులోనూ బిగిసిన పోగులు నీళ్లు తగలగానే వదులై దగ్గరికొస్తాయి. నూటికి మూడు వంతులు కుంగిందనుకున్నా 15 ఇంచుల పొడవులో దాదాపు అర ఇంచు పోయినట్టు. పైబట్ట కుంగకుండా లోపలిది కుంగితే జాకెట్టు కింది అంచు బుడగలా ఉబ్బుతుంది.

రెండు కలపాలా, ఒకటిన్నరా?

వీడియోల్లో ఎక్కువ గొడవ ఒక్కో ముక్క వెడల్పు ఎంత పెట్టాలన్న సూత్రాల మీదే. ముందు రెండు, వెనక రెండు భాగాలుగా లెక్కేస్తారు కనుక అన్నీ ఛాతీలో నాలుగో వంతుతోనే మొదలవుతాయి. ఛాతీ 36 అనుకుని మూడింటినీ పక్కపక్కన పెడదాం. ఒకరు "నాలుగో వంతుకు 2 కలపండి" అంటారు. 9కి 2 కలిపితే 11. ఇంకొకరు "నాలుగో వంతుకు అర ఇంచు కలిపి గీత గీయండి, దాని బయట ఒకటిన్నర మార్జిన్ వదలండి" అంటారు, మార్జిన్ అంటే కుట్టు లోపలికి పోయే బట్ట. అదీ 11. మూడోవారు "36కి 2 కలిపి నాలుగుతో భాగించండి, పైన ఒకటిన్నర" అంటారు. 38లో నాలుగో వంతు 9.5, దానికి ఒకటిన్నర కలిపితే మళ్లీ 11. మూడు సూత్రాలూ ఒకే చోటికి వచ్చాయి. వదులునూ మార్జిన్‌నూ ఒకరు కలిపి చెప్పారు, ఒకరు విడదీసి చెప్పారు, అంతే తేడా.

అసలు ప్రమాదం రెండు చోట్ల ఉంది. ఒకటి ఆది జాకెట్టు, అంటే కొలత కోసం పెట్టుకునే పాత జాకెట్టు. దాన్ని పరిచి కొలిస్తే 38 వస్తుంది, ఎందుకంటే అందులో 2 ఇంచుల వదులు ముందే ఉంది. ఆ 38నే ఒంటి కొలత అనుకుని సూత్రంలో వేస్తే 9.5కి 2 కలిపి 11.5 అవుతుంది, కుట్టాక జాకెట్టు చుట్టు 40. వదులు మీద వదులు.

రెండోది మళ్లీ మన పోగుల దగ్గరికే వస్తుంది. క్రాస్ కోసేవాళ్లలో కొందరు ముందు భాగానికి ఆ అర ఇంచు వదులు కలపరు, బట్టే సాగి సరిపెడుతుందని. వాళ్ల లెక్కలో అది 10.5. ఆ అంకెను తెచ్చి లైనింగ్ వేసిన నిలువు కోతలో పెడితే రెండు ముందు ముక్కల్లో కలిపి ఇంచు తక్కువ. హుక్కులు పడతాయి, మధ్యలో సందులు తెరుచుకుంటాయి. సూత్రం తప్పు కాదు. అది క్రాస్ బట్ట సూత్రమని చెప్పకపోవడం తప్పు.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట ముక్కల దగ్గర

2016లో జిల్లాలు విడగొట్టాక పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి కిందికి పోయాయి, గద్వాల వేరే జిల్లా అయింది, 2019లో నారాయణపేట కూడా. కాగితాల మీద ఏమైనా మాకవి ఇంకా నల్లగొండ, పాలమూరు బట్టలే. ఇంట్లో కుట్టుకునేవాళ్ల ముందుకు ఎక్కువగా వచ్చేవి కూడా ఇవే.

పోచంపల్లి ఇక్కత్‌లో పోగుల్ని నేయకముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది కనుకే పువ్వు అంచు ఈకల్లాగా చెదిరినట్టు కనబడుతుంది. పుట్టపాక తేలియా రుమాలులోనైతే పడుగుకూ పేకకూ రెండింటికీ కట్లే. అంటే డిజైను బట్ట మీద అచ్చు వేసింది కాదు, పోగుల్లోనే ఉంది. పోగును వాలిస్తే డిజైను కూడా వాలుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. నా పోచంపల్లి నూలు ముక్క నిండా కొసల మీద నిలబడ్డ వజ్రం గడులు. క్రాస్ బాగా పడుతుందన్న ధైర్యంతో ముందు భాగం వాలుగా కోశాను. 45 డిగ్రీలు తిరిగిన వజ్రం ఏమవుతుంది? మామూలు చతురస్రమవుతుంది. వెనక వజ్రాలు, ముందు చతురస్రాలు, చంక కింద పక్క కుట్టు దగ్గర రెండూ ఎదురుపడి ఒకదాన్నొకటి గుర్తుపట్టనట్టు నిలబడ్డాయి. చూసినవాళ్లు రెండు ముక్కలు అతికించి కుట్టావా అని అడిగారు.

పెద్ద పువ్వున్న ఇక్కత్‌కు కటోరీ, ప్రిన్సెస్ కూడా ఇబ్బందే, కుట్టు నేరుగా పువ్వు నడుమ నుంచి పోతుంది. నాలుగు డాట్లలోనూ పువ్వు మడత పడుతుంది కానీ ముక్కలు కాదు. బొటీక్‌లలో ప్రిన్సెస్ వేసినా బాగుంటుంది కదా అంటే, వాళ్లు రెండు వైపులా పువ్వు కలిసేలా బట్ట ఎక్కువ తీసుకుని కోస్తారు. 80 సెంటీమీటర్లతో ఆ పని కాదు.

గద్వాలది వేరే కథ. సంప్రదాయంగా ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. పేకను పేకలో మెలేసి అంచును ఒడలుకు కలుపుతారు. జాకెట్టులో ఈ అంచు ఎక్కువగా చేతులకు వస్తుంది. ఇక్కడే ఒక చిన్న తిరకాసుంది. చీరలో అంచు పడుగు వెంట పోతుంది. దాన్ని చేతి చుట్టూ తిప్పాలంటే చేతి ముక్కను అడ్డంగా తిప్పి కోయాలి. మామూలు చేతిలో పేక చేతి దండ చుట్టూ తిరుగుతుంది, కొద్దిగా సాగుతుంది. అంచు చేతిలో సాగని పడుగు దండ చుట్టూ తిరుగుతుంది, పైగా జరీ. అందుకే అదే కొలతతో కుట్టినా అంచు చేతులు పట్టేసినట్టుంటాయి. నా దండ చుట్టు 11. సాదా చేతికి 12 పెడితే హాయిగా ఉంటుంది, గద్వాల అంచుకు పన్నెండున్నర పెట్టుకుంటేనే అన్నం కలుపుకోగలను.

నారాయణపేట గళ్లది ఇంకా తేలిక. గళ్లే స్కేలు. పోగు ఎటు పోతుందో వెతకనక్కర్లేదు, చాక్‌పీసు గీత గడి వెంట పోతే నిలువు, చదరపు గడి మూలల వెంట పోతే సరిగ్గా క్రాస్. కావాలనే క్రాస్ కోసి గళ్లను వజ్రాలు చేసుకునేవాళ్లున్నారు, అదొక అందం. ఒప్పుకుంటాను. అయితే హుక్కుల పట్టి దగ్గర కుడి ఎడమ గళ్లు అద్దంలో చూసినట్టు కలవాలి. ఒక్క గడి జారినా ఇక కళ్లన్నీ అటే.

కోత మీద పడే ఒక నింద

బతుకమ్మ ఆడుతూ వంగి చప్పట్లు కొట్టి చేతులెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేచిందనుకోండి. నిందను కోత మీద వేస్తాం. మరుసటిసారి చంక ఇంకో ఇంచు లోతు కోస్తాం. అప్పుడు ఇంకా ఎక్కువ లేస్తుంది.

చేయి కదిలేది భుజం కీలు దగ్గర. చేతి కుట్టు ఆ కీలుకు దగ్గరగా, చంక కిందికి ఆని ఉంటే చేయి మాత్రమే కదులుతుంది. లోతుగా కోస్తే చేయి పక్క భాగానికి కిందివైపు అతుక్కున్నట్టవుతుంది, ఎత్తినప్పుడల్లా జాకెట్టును వెంట లాక్కుపోతుంది. వదులు కావాలంటే దాన్ని వెతకాల్సింది చేతి ముక్క తలభాగంలో. తల ఎత్తుగా ఉంటే చేయి దించినప్పుడు ముడత లేకుండా అందంగా ఉంటుంది, ఎత్తినప్పుడు పట్టేస్తుంది. తల ఎత్తు తగ్గించి వెడల్పు పెంచితే చేయి ఆడుతుంది, దించినప్పుడు చంక దగ్గర నాలుగు ముడతలు పడతాయి. రెండూ కావాలంటే కుదరదు. దుకాణాల్లో కుట్టే జాకెట్లు మొదటిదానివైపు మొగ్గుతాయి, ఎందుకంటే ట్రయల్ వేసుకున్నప్పుడు మనం అద్దం ముందు చేతులు దించుకునే నిలబడతాం.

వదినను ఫోన్లో నేనడిగింది ఒక్కటే. "లైనింగ్ వేస్తవా?" "వేస్త, నారాయణపేటది పల్చగున్నది గద." అయితే క్రాస్ ఊసు వద్దన్నాను. ఛాతీకి కింది చుట్టుకూ ఆమెకు తేడా ఐదు ఇంచులే కాబట్టి కటోరీ కూడా అక్కర్లేదు. గళ్ల వెంట నిలువుగా, నాలుగు డాట్లు. మూడో రోజు ఫోటో పంపింది. ఎడమ పక్క కుట్టు దగ్గర గడికి గడి కలిసింది. కుడి పక్క సగం గడి కిందికి జారింది. అది నేను అనేలోపే ఆమే అంది, "కుడి పక్కనే గద వదినా, కొంగు కిందికి పోతది తీ."